ముందు విందాం, ఆ తర్వాత ప్రార్థిద్దాం



ఈరోజు నేను మాట్లాడబోయేది మనసు గాయాల గురించి, వాటికి సంఘంలో దొరకవలసిన ఆదరణ గురించి. నరసరావుపేట, వినుకొండ, పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల వైపు పల్లెల్లో పరిచర్య చేసే పాస్టర్లు, పాస్టరమ్మలు, ఫాదర్లు, సిస్టర్లు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం నడిపే అక్కలు ఈ మాటలు వింటారని నా ఆశ. చర్చికి వెళ్లని వాళ్లు కూడా వినండి. ఇంట్లో దిగులు పట్టిన మనిషి ఉన్న ప్రతివారికీ ఇందులో పనికొచ్చేది ఉంటుంది.

పల్నాటి పల్లెలో ఒక ఆదివారం తీసుకుందాం. ఆరాధన మధ్యాహ్నం దాటాక ముగుస్తుంది. ఆశీర్వాదం చెప్పేశారు. జనం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు. పిల్లలు అప్పుడే రోడ్డెక్కారు. ఒకామె మాత్రం కదలదు. చాపలు చుట్టే వంకతో అక్కడే తిరుగుతూ ఉంటుంది. అందరూ వెళ్లాక తలమీద కొంగు సర్దుకుని వచ్చి, "అయ్యగారూ, నాకోసం ప్రార్థన చెయ్యండి" అంటుంది. "ఏం సంగతమ్మా?" అంటారు పాస్టరుగారు. "ఏం లేదయ్యగారూ, మనసు బాగుండటం లేదు" అంటుంది. ఆయన నూనె రాసి, తలమీద చెయ్యి పెట్టి, గొంతెత్తి ప్రార్థిస్తారు. ఆమె ఆమేన్ అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోతుంది. వెనకాల ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. సాయంత్రానికి ఆయన ఇంకో ఊళ్లో కూటం పెట్టుకున్నారు. ఆ తొందరలో ఆయన్ని తప్పు పట్టలేం.

కానీ ఆమె తెచ్చిన భారం ఏమిటి? మిరప పంట మీద తెచ్చిన అప్పు కావచ్చు. కౌలు కట్టాక చేతిలో ఏమీ మిగలని ఏడాది కావచ్చు. తాగొచ్చి కొట్టే భర్త కావచ్చు. కాన్పయిన నెల నుంచీ నిద్ర పట్టక, బిడ్డను చూస్తే ప్రేమ పుట్టక, ఆ సంగతి ఎవరితో చెప్పాలో తెలియని కోడలు కావచ్చు. సున్నపు బట్టీల దగ్గర ఊపిరితిత్తులు పాడైపోయిన తండ్రి కావచ్చు. ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు. భారం ఎలా వచ్చిందో అలాగే ఇంటికి వెళ్లిపోయింది.

ఈ భారాలు ఎక్కడిదాకా తీసుకెళతాయో మనకు తెలుసు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ప్రాణాలు తీసుకున్నారు. అందులో నాలుగో వంతుకు పైగా రోజుకూలీ చేసుకు బతికేవాళ్లు. బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవాళ్లలో నూటికి పదిమంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. వాళ్లలో చాలామందికి వైద్యం అందనే లేదు. డాక్టరు దాకా వెళ్లని ఆ మనిషి ఎక్కడికి వెళతాడు? మన ఊళ్లలో అయితే గుడికో, దర్గాకో, చర్చికో వెళతాడు. అంటే మనం కోరుకున్నా కోరుకోకపోయినా ఆ మనిషి మన గుమ్మంలో ఉన్నాడు. ఆయన్ని ఎలా చూడాలో నేర్చుకోవడం మన బాధ్యత.

నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. గాయపడ్డ మనిషికి సంఘం చేయగల మొదటి పరిచర్య వినడం. ప్రార్థన మానమని నేను అనడం లేదు. విన్నాక చేసే ప్రార్థనకు బలం ఎక్కువ. ఎందుకంటే దేని కోసం అడుగుతున్నామో అప్పుడు మనకు తెలుస్తుంది.

బైబిల్లో హన్నా కథ మన సంఘాల్లో తెలియనివారు లేరు. గొడ్రాలివని సవతి పెనిన్నా ఆమెను ఏడాదికేడాది దెప్పేది. ఆమె ఏడ్చేది, అన్నం ముట్టేది కాదు. భర్త ఎల్కానా మంచివాడే. కానీ ఆయన ఓదార్పు ఎలా ఉంది? నేనుండగా నీకు పిల్లలు లేకపోతేనేం అన్నట్టు ఉంది. ప్రేమతో అన్న మాటే, అయినా ఆమె బాధను చిన్నది చేసిన మాట. ఆమె షిలోహు మందిరానికి వెళ్లి లోలోపలే ప్రార్థించుకుంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినపడటం లేదు. యాజకుడైన ఏలీ దూరం నుంచి చూసి ఆమె తాగి ఉందనుకుని మందలించాడు. దేవుని మందిరంలో, దేవుని సేవకుడే, కడుపులోని దుఃఖాన్ని మత్తు అనుకున్నాడు.

అక్కడ హన్నా వెళ్లిపోలేదు. నేను తాగలేదయ్యా, మనసులో బాధ కుమ్మరించుకుంటున్నాను అని మర్యాదగానే చెప్పింది. ఏలీ అప్పుడు విన్నాడు. తన మాట వెనక్కి తీసుకుని సమాధానంగా వెళ్లమని దీవించాడు. ఆ తర్వాత ఏం జరిగిందో మనం తొందరలో దాటేస్తుంటాం. ఆమె వెళ్లి అన్నం తింది. ముఖంలో దిగులు పోయింది. ఆమె కొడుకు సమూయేలు అప్పటికింకా పుట్టలేదు, కడుపున కూడా పడలేదు. అడిగింది దొరక్కముందే ఆమె మనసు కుదుటపడింది. తన బాధను దేవుని ముందు పెట్టింది, ఒక మనిషి దాన్ని బాధగా గుర్తించాడు. మన దగ్గరికొచ్చే చాలామందికి కావలసింది ఇదే. అప్పు మనం తీర్చలేం, తాగుడు ఒక్క పూటలో మాన్పించలేం, చనిపోయిన బిడ్డను తేలేం. ఆమె ఇంటికి వెళ్లి నాలుగు ముద్దలు తినేలా చేయగలం.

యోబు కష్టాల్లో పడ్డప్పుడు అతని స్నేహితుల సంగతీ అంతే. ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి అతని పక్కన ఏడు రోజులు నేలమీద కూర్చున్నారు, నోరు విప్పలేదు. వాళ్లు చేసిన పరిచర్యంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. నోరు విప్పి, నీ పాపం వల్లే ఇదంతా అని వాదించడం మొదలుపెట్టాక వాళ్లు యోబుకు ఇంకో గాయమయ్యారు. చివరికి దేవుడు కూడా వాళ్లనే తప్పుపట్టాడు. మన ప్రార్థన కూటాల్లో కొడుకును పోగొట్టుకున్న తల్లితో "మీ ఇంట్లో ఏదో దోషం ఉందమ్మా, ఒప్పుకో" అని ఎవరైనా అంటే, అలా అన్నవాళ్లు ఎవరి పక్కన చేరుతున్నారో ఆలోచించుకోవాలి.

ఇక ప్రవక్త ఏలీయా. కర్మెలు కొండ మీద అంత గెలుపు గెలిచినవాడు, యెజెబెలు రాణి బెదిరింపుతో అరణ్యంలోకి పారిపోయి ఒక చెట్టుకింద పడుకుని నాకు చావు రానియ్యి ప్రభువా అని అడిగాడు. దేవదూత వచ్చి ప్రసంగం చెప్పలేదు, నీ విశ్వాసం ఏమైందని గద్దించలేదు. రొట్టె, నీళ్లు తెచ్చిపెట్టాడు. తిన్నాడు, మళ్లీ నిద్రపోయాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు, ఇంకా చాలా దూరం నడవాలని చెప్పి. ఆ తర్వాతే హోరేబు కొండ దగ్గర దేవునితో మాట. ప్రవక్తకే చావాలనిపించిన రోజు ఉంటే, మన సంఘంలో ఒక రైతుకు అనిపించడం విశ్వాసం లేకపోవడం ఎలా అవుతుంది? అందుకే దిగులుతో వచ్చినవాణ్ణి "తిన్నావా? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగడం కూడా ఆత్మీయమైన పనే.

ఇదంతా పడమటి దేశాల నుంచి కొత్తగా దిగుమతి అయిన సంగతి అనుకోకండి. మన నేలలో దీని వేర్లు లోతైనవి. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్‌ను మన సంఘాలు నేటికీ తలుచుకుంటాయి. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. మూడేళ్ల ముందే భార్య పోయింది. ఇక్కడి జనం జ్వరాలతో, విరేచనాలతో రాలిపోవడం చూసి, బోధ ఒక్కటే సరిపోదనుకున్నాడు. అమెరికా తిరిగి వెళ్లి, యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్యం చదివి పట్టా తీసుకుని మళ్లీ వచ్చాడు. 1849లో పల్నాడు చేరి గురజాలలో కాపురం పెట్టాడు. అంటే మన పల్నాడులో సువార్త, వైద్యం ఒకే మనిషి చేతుల మీదుగా వచ్చాయి. ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో మందుల పెట్టె. ఈ రెండింటికీ పోటీ పెట్టడం తర్వాతి కాలంలో మనం తెచ్చిపెట్టుకున్నది.

1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కూడా అదే దారి నడిచారు. 1898లో ఆమె ఆడవాళ్ల కోసం తెరిచిన ఆసుపత్రికి మన వైపు నుంచీ జనం బళ్లు కట్టుకుని వెళ్లేవారు. ఆ రోజుల్లోనే ఊరూరా నడిచి తిరిగిన బైబిలు స్త్రీలను మర్చిపోకూడదు. వాళ్లలో చాలామంది విధవలు, చదువు నేర్చుకున్న పల్లె ఆడవాళ్లు. మగ బోధకుడు అడుగుపెట్టలేని వంటింటి గుమ్మంలో కూర్చుని వాక్యం చదివేవారు, పాట నేర్పేవారు. అంతకన్నా ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్ల కష్టసుఖాలు వినేవారు. కౌన్సిలర్ అనే పేరు పెట్టుకోకపోయినా వాళ్లు చేసింది ఆ పనే.

చర్చి ఇక్కడికి రాకముందు కూడా ఈ నేలకు పక్కన కూర్చోవడం తెలుసు. మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని పల్నాటి వీరగాథ చెబుతుంది. ఆ గాథ నుంచి మనం పౌరుషం ఒక్కటే తీసుకుని, ఆ చాపను మర్చిపోయాం. పల్నాటివాడు కన్నీళ్లు పెట్టకూడదని మగపిల్లలకు చిన్నప్పుడే నేర్పుతాం. అప్పు గురించి భార్యతో చెప్పుకోలేడు, భయం గురించి తమ్ముడితో చెప్పుకోలేడు. మిరపకాయలు పచ్చి ఆరకుండా కుప్ప పోస్తే పైకి ఎర్రగానే కనిపిస్తాయి, లోపల బూజు పడతాయి. కల్లంలో పరిచి గాలికీ ఎండకూ పెడితేనే నిలుస్తాయి. మగవాడి దిగులూ అలాంటిదే.

వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గారిని తలుచుకోండి. అవమానాన్ని అన్ని వైపుల నుంచీ పడ్డ మనిషి ఆయన. ఆయన 'గబ్బిలం' కావ్యంలోని పేదవాడు తన గోడు చెప్పుకోవడానికి మనిషి దొరక్క, ఇంట్లోకి వచ్చిన గబ్బిలంతో చెప్పుకున్నాడు. కాశీలో ఉన్న శివుడికి తన బాధ విన్నవించమని దాన్ని వేడుకున్నాడు. మనుషుల మధ్య వినేవాడు లేని మనిషి ఎంత ఒంటరో ఆ కావ్యం చెప్పినంతగా ఏ మనస్తత్వశాస్త్ర గ్రంథం చెబుతుంది? మన సంఘాల్లో ఎవరికీ ఆ గతి పట్టకూడదు.

మరి వినడం ఎలా? దీన్ని నేర్పే చోట్లు ఉన్నాయి. అమెరికాలో ఆంటన్ బోయిసన్ అనే పాస్టరు తానే మతి చలించి ఆసుపత్రి పాలై బయటపడ్డాడు. 1925లో ఆయన వూస్టర్ మానసిక వైద్యశాలలో వేదాంత విద్యార్థులకు రోగుల పక్కన ఉండి నేర్చుకునే శిక్షణ మొదలుపెట్టాడు. పుస్తకాలు చదివినట్టే మనుషులనూ చదవాలన్నది ఆయన ఆలోచన. మన పొరుగున వేలూరులో క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్ ఉంది, అక్కడి వైద్య కళాశాలకు మానసిక ఆరోగ్య కేంద్రమూ ఉంది. అక్కడ రోగితో పాటు ఇంటివాళ్లనూ ఉంచుకుని, వాళ్లకు కూడా నేర్పి పంపే పద్ధతి దశాబ్దాల కిందటే మొదలైంది. వీలున్న సంఘాలు తమ పాస్టరునో, ఒక చదువుకున్న అమ్మాయినో ఇలాంటి శిక్షణకు పంపడం మైకు సెట్టు కొనడం కన్నా మంచి ఖర్చు.

శిక్షణ లేనివాళ్లు కూడా ఎంత చేయగలరో చెప్పే ఒక సంగతి చెబుతాను. చాడ్ వారా అనే ఆంగ్లికన్ ఫాదరు 1935లో ఒక పద్నాలుగేళ్ల పిల్లకు సమాధి కార్యక్రమం చేశారు. మొదటిసారి బహిష్టు వస్తే ఆ పిల్ల ఏదో చెడ్డ రోగమనుకుని, అడగడానికి ఎవరూ లేక ప్రాణం తీసుకుంది. ఆ బాధ ఆయన్ని వదల్లేదు. 1953లో లండన్‌లోని తన చర్చిలో, చావాలనుకునేవాళ్లు ఫోన్ చెయ్యండి, రండి అని తలుపు తెరిచారు. జనం బారులు తీరారు. ఆయన ఒక్కరే అందరితో మాట్లాడలేక, వేచి ఉన్నవాళ్లకు టీ ఇచ్చి తోడుగా కూర్చోవడానికి సంఘంలోని మామూలు మనుషుల్ని పిలిచారు. కొన్నాళ్లకు ఒక విచిత్రం గమనించారు. ఆ టీ ఇచ్చినవాళ్లతో మనసు విప్పి మాట్లాడాక చాలామంది ఇక ఫాదర్‌ను కలిసే అవసరం లేదని వెళ్లిపోతున్నారు. సమారిటన్స్ అనే సేవ అలా పుట్టి ఎన్నో దేశాలకు పాకింది. ఆఫ్రికాలోని జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో వీధి నాయనమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బల్లల మీద కూర్చోబెట్టి దిగులుపడ్డవాళ్లతో మాట్లాడించారు. అది పనిచేసిందని 2016లో అమెరికన్ వైద్య పత్రిక ప్రచురించిన పరిశోధనలో తేలింది. ఇంత దూరం ఎందుకు, మన పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లోనే ఆశా కార్యకర్తలకు నేర్పి, ఇంటింటికీ పంపి దిగులుతో ఉన్నవాళ్లను గుర్తించి డాక్టరు దాకా చేర్చే ప్రయత్నం జరిగింది. ఆశా అమ్మాయి చేయగలిగింది మన స్త్రీల సమాజంలోని అక్క చేయలేదా?

ఇప్పుడు చేతికి అందే నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది, కూర్చోవడం. నిలబడి ఆమె నెత్తిమీదుగా మాట్లాడకండి. చాప వేసుకుని ఎదురుగా, ఒకే ఎత్తులో కూర్చోండి. ఆడవాళ్లతో పాస్టరమ్మగారో ఇంకొక పెద్దామెనో కూర్చోవాలి. తలుపు తెరిచి ఉండాలి, మాట మాత్రం మూడో మనిషికి వినపడకూడదు. ఫోను పక్కన పెట్టండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. "ఊరుకో అమ్మా, విశ్వాసివి, ఏడవకూడదు" అనొద్దు. మన ఊళ్లలో చావు ఇంటి దగ్గర ఆడవాళ్లు చనిపోయినవాళ్ల గుణగణాలు చెప్పుకుంటూ శోకాలు పెడతారు, అది మనసు తేలికపడే దారి. క్రైస్తవులమయ్యాక దాన్ని కొందరు తప్పన్నారు. కానీ లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు పెట్టాడు. కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఇంతకన్నా అనుమతి మనకేం కావాలి?

రెండోది, అడగడం. "ఎప్పటినుంచీ ఇలా ఉందమ్మా?" "నిద్ర పడుతోందా?" "ఇంట్లో ఎవరికైనా చెప్పావా?" ఇలా చిన్న ప్రశ్నలు చాలు. బాగా కుంగినట్టు కనిపిస్తే "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతాం. అది అపోహ అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అడిగినప్పుడు చాలామంది హమ్మయ్య, ఒకరు అడిగారు అని బయటపడతారు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే నమ్మకమైనవాళ్లు తీసుకెళ్లి తాళం వేసిన చోట పెట్టాలి. చావాలనిపించే ఆ క్షణం గడిస్తే మనసు మారే అవకాశం ఉంది. ఆ క్షణంలో పురుగుమందు అందుబాటులో లేకపోవడమే ఎందరినో బతికిస్తుంది.

మూడోది, గుట్టు. ఈ విషయంలో మనం చాలా మారాలి. ఒకామె కన్నీళ్లతో చెప్పుకున్న సంగతి, వచ్చే ఆదివారం ప్రార్థన అంశం పేరుతో మైకులో వినిపిస్తుంది. "ఫలానా సోదరి భర్త తాగుడు మానాలని ప్రార్థిద్దాం" అంటారు. మంచి ఉద్దేశమే. కానీ లౌడ్‌స్పీకరు చర్చి పైకప్పు మీద ఉంది, ఆ భర్త రచ్చబండ దగ్గర ఉన్నాడు. ఆ రాత్రి ఆమెకు ఏమవుతుందో ఆలోచించండి. ఆ తర్వాత ఆ ఊళ్లో ఇంకెవరైనా నోరు విప్పుతారా? కథోలిక సంఘంలో పాపసంకీర్తనంలో విన్నది గురువు ప్రాణం పోయినా బయటపెట్టకూడదన్నది ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు. 1215లో జరిగిన లాటరన్ మహాసభ దాన్ని కచ్చితమైన చట్టం చేసింది. రెంటచింతల కథోలికులకు ఇది కొత్త కాదు. తక్కిన సంఘాలవాళ్లం కూడా ఇంత నిష్ఠ పాటించాలి. భార్యతోనైనా, పెద్దలతోనైనా ఆమె ఒప్పుకోకుండా చెప్పకూడదు.

గుట్టుకు ఒక హద్దు ఉంది. చిన్నపిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే దాచకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చేసినవాడు సంఘ పెద్ద అయినా సరే, రాజీ కుదర్చడం మన పని కాదు. పిల్లల కోసం 1098 ఉంది. ఇంట్లో దెబ్బలు తినే ఆడబిడ్డతో "సర్దుకుపో, ప్రార్థన చెయ్యి, మారతాడు" అని పంపించేయొద్దు. మహిళల సహాయానికి 181 ఉంది. ఆ నంబరు ఆమెకు చెప్పడం కాపురం కూల్చడం కాదు, ప్రాణం కాపాడటం.

నాలుగోది, డాక్టరు దగ్గరికి పంపడం. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఎవరూ లేకుండా మాటలు వినపడటం, బాలింత బిడ్డను దగ్గరికి తీసుకోకపోవడం, పదే పదే చావు మాటెత్తడం. వీటిలో ఏది కనిపించినా మన ఒక్కళ్ల వల్ల కాదని ఒప్పుకోవాలి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వెంటనే వెళ్లలేకపోతే టెలిమానస్‌కు ఫోన్ చెయ్యొచ్చు, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. దిగులుకు ఇచ్చే మందులు వేసుకోగానే పనిచేయవు, రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోపు "గుణం లేదు, ఆపేసి ఉపవాస ప్రార్థనకు రండి" అని ఏ దైవజనుడూ అనకూడదు. కాస్త బాగయ్యాక సాక్ష్యం చెప్పించి మందులు మాన్పించడమూ ప్రమాదమే. షుగరు మందు వేసుకుంటూ ప్రార్థించే మనకు, నిద్ర మందు వేసుకుంటూ ప్రార్థించడానికి అడ్డేముంది?

స్వస్థత పేరుతో మనుషుల్ని కట్టేయడం, కొట్టడం ఎక్కడ జరిగినా అది ఘోరం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర నడిచిన ఒక ఆశ్రయంలో మంటలు రేగితే గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు పారిపోలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. ఆ చట్టమే ఇంకో మేలు చేసింది. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలనీ, శిక్షించకుండా వైద్యం అందించాలనీ చెప్పింది. కేసవుతుందన్న భయంతో కుటుంబాలు దాచిపెట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలా బతికి వచ్చినవాళ్లను సంఘంలో వేలెత్తి చూపొద్దు. ప్రభురాత్రి భోజనానికి దూరం పెట్టొద్దు.

వినేవాళ్ల గురించి కూడా ఒక మాట. ఊరి బాధంతా మోసే పాస్టరుగారి గోడు ఎవరు వింటారు? జీతం లేని పరిచర్య, అద్దె ఇల్లు, రాత్రి పన్నెండింటికి తలుపు తట్టే జనం. పాస్టరమ్మగారు నవ్వుతూనే ఉండాలి, అలసిపోయానని అనకూడదు. గెత్సేమనే తోటలో ప్రభువు పేతురును, యాకోబును, యోహానును వెంట తీసుకెళ్లి, నా మనసు చావంత బరువుగా ఉంది, నాతోపాటు మెలకువగా ఉండండి అని అడిగాడు. తోడు అడగడానికి ఆయనే సిగ్గుపడలేదు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల పాస్టర్లు నెలకొకసారి బోధన కోసం కాకుండా ఒకరి గోడు ఒకరు వినడానికి కలుసుకుంటే, ఎన్ని కుటుంబాలు నిలబడతాయో.

కాబట్టి సంఘ పెద్దలను ఒకటే కోరుతున్నాను. మీ సంఘంలో నోరు జాగ్రత్తగల ఒక ఆడమనిషిని, ఒక మగమనిషిని ఎంచండి. చదువు తక్కువైనా పర్వాలేదు, ఓర్పు ఉండాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట, అందరికీ కనిపించి ఎవరికీ వినపడని ఒక మూల, రెండు చాపలు వాళ్లకు ఇవ్వండి. మగవాళ్లు చర్చిలోకి రారు, వేపచెట్టుకింద నిలబడతారు. మీరు ఎంచిన మగమనిషే అక్కడికి వెళ్లాలి. 14416, 181, 1098 అన్న మూడు నంబర్లు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి. వచ్చే ప్రార్థన కూటంలోనే ఇది తీర్మానం చేసుకోండి. దీనికి చందాలు అక్కర్లేదు, కట్టడం అక్కర్లేదు. వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.

ఇది వింటున్నవాళ్లలో ఎవరైనా ఇప్పుడు ఆ బరువు మోస్తుంటే, మీరు పాపం వల్లనో, విశ్వాసం చాలకనో ఇలా అయ్యారని అనుకోకండి. మీరు నమ్మే ఒక్క మనిషికి ఈరోజే చెప్పండి. ఎవరూ గుర్తుకు రాకపోతే 14416కు చేసి, నా మనసు బాగుండటం లేదు అని మొదలుపెట్టండి. మిగతాది అవతలివాళ్లు అడుగుతారు.